గోథిక్ కథల్లో రూపం, గుణం

మనిషి ముఖం, ఒడ్డూ పొడుగూ, ఒంటిరంగు, అవయవాల తీరు చూసి అతని గుణం ఇదని తేల్చే విద్యను మనం సాముద్రికం అంటాం. యూరప్‌లో దాని పేరు ఫిజియానమీ. పాడుబడ్డ కోట, మఠం నేలమాళిగ, తాళం వేసిన గది, అర్ధరాత్రి అడుగుల చప్పుడుతో నడిచే ఇంగ్లిష్ గోథిక్ నవలలు 1764లో మొదలై పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా పాఠకులను వణికించాయి. ముఖం చూస్తే గుణం తెలుస్తుందన్న నమ్మకాన్ని అన్నిటికన్నా ఎక్కువగా వాడుకున్నవి ఈ నవలలే. దాన్ని బోనులో నిలబెట్టి ప్రశ్నించినవీ ఇవే. తెలుగు భయకథలది కొంచెం వేరే దారి. మనవాళ్లు వికారమైన ముఖాన్ని కాదు, పవిత్రమైన వేషాన్ని ఎక్కువగా శంకించారు. వరంగల్ ప్రాంతపు పటం కథల్లో, చిందు ఆటల్లో, భద్రకాళి చెరువు గట్టున ఉన్న గుడిలో రూపానికీ గుణానికీ ఉన్న లంకె గురించి మరో రకమైన ఆలోచన కనిపిస్తుంది.

లావాటర్ వేసిన బాట

జ్యూరిక్ నగరంలో యోహాన్ కాస్పర్ లావాటర్ (1741–1801) అనే మతబోధకుడు ఉండేవాడు. ముఖరేఖల్లో దేవుడు గుణాన్ని రాసిపెట్టాడని ఆయన విశ్వాసం. 1775 నుంచి 1778 వరకు నాలుగు సంపుటాలుగా, బొమ్మలతో సహా ఈ విద్య మీద పుస్తకం తెచ్చాడు. అందులో గోథే కూడా చేయివేశాడు. ఇంగ్లిష్‌లో 1789లో థామస్ హోల్‌క్రాఫ్ట్ అనువాదం వచ్చాక నుదురు ఎత్తు, ముక్కు వంపు, కనుబొమల దగ్గరితనం చదువుకున్నవారి కబుర్లలోకి చేరాయి. కొద్దికాలానికే ఫ్రాంజ్ యోసెఫ్ గాల్ పుర్రె మీది మిట్టపల్లాలను బట్టి బుద్ధిని చెప్పే కపాల శాస్త్రాన్ని తెచ్చాడు.

ఈ నమ్మకం పుస్తకాల్లోనే ఉండిపోలేదు. 1831లో బీగిల్ నౌక కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ చార్లెస్ డార్విన్ ముక్కు ఆకారం చూసి, ఈ యువకుడికి అంత దూర ప్రయాణం చేసే పట్టుదల ఉండదేమోనని సందేహించాడు. ఈ సంగతి డార్విన్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఫిట్జ్‌రాయ్ లావాటర్‌కు గట్టి అభిమాని. ముక్కు మీద ఆ అనుమానమే గెలిచి ఉంటే జీవపరిణామ సిద్ధాంతం మరొకరి చేతుల మీదుగా రావలసి వచ్చేది.

లావాటర్‌ను మొదట్లోనే ఎదిరించినవాడు గోటింగెన్‌లో భౌతికశాస్త్రం చెప్పిన లిఖ్టెన్‌బర్గ్. 1778లో ముఖసాముద్రికాన్ని ఖండిస్తూ వ్యాసం రాశాడు. ఈ విద్య లావాటర్ ఆశించిన స్థాయికి చేరితే పిల్లలు పెద్దయి నేరం చేయకముందే ఉరితీస్తారని హెచ్చరించాడు. లిఖ్టెన్‌బర్గ్‌కు చిన్నతనం నుంచే గూని. జీవితమంతా తన వీపు చూసి తనను అంచనా వేసిన చూపులు ఆయనకు బాగా తెలుసు. అందుకే ఆయన వాదంలో అంత బరువు ఉంది.

సన్యాసి ముసుగు

హొరేస్ వాల్పోల్ 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' (1764)లో రైతుకుర్రాడైన థియొడోర్ రూపురేఖలు గోడకున్న పాత రాజు చిత్తరువుతో సరిపోతాయి. చివరికి రాజ్యానికి అసలు వారసుడు అతనే. ముఖం అక్కడ వంశపత్రంలా పనిచేసింది. ఆన్ రాడ్‌క్లిఫ్ 'ది ఇటాలియన్' (1797)లో షెడోని అనే సన్యాసిని చూడగానే పాఠకుడికి భయం పుడుతుంది. పాలిపోయిన ముఖం, గుచ్చే కళ్లు, తల మీద నల్లని ముసుగు, అన్నీ లావాటర్ బొమ్మల్లోంచి లేచి వచ్చినట్టే ఉంటాయి.

మాథ్యూ లూయిస్ 'ది మంక్' (1796)లో దీన్ని తలకిందులు చేశాడు. మాడ్రిడ్ నగరమంతా విరగబడి వినే ఉపదేశకుడు ఆంబ్రోసియో అందగాడు. అతని ముఖంలో తేజస్సు ఉంది, మాటలో పవిత్రత ఉంది. లోపల కామం, హత్య. ఇంకా విశేషం, అతని కోసం మొదటిసారి పిలిచినప్పుడు సైతాను కళ్లు చెదిరే అందగాడై వచ్చాడు. ఘోరమైన సొంత ఆకారంతో వచ్చేది చివర్లోనే. మనవాళ్లు గోముఖ వ్యాఘ్రం అనే మాటతో చెప్పింది లూయిస్ ఒక నవలంతా చెప్పాడు.

చూపులేని ముసలాయన

ఈ చర్చకు నడిబొడ్డు మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్'. 1816లో జెనీవా సరస్సు ఒడ్డున మొదలై, ఆమెకు ఇరవై ఏళ్లున్నప్పుడు 1818 జనవరిలో అచ్చయింది. అందులోని రాక్షసుడికి పేరు లేదు. అతన్ని తయారుచేసిన విక్టర్ అందమైన అవయవాలే ఏరి కూర్చాడు. నల్లగా నిగనిగలాడే జుట్టు, ముత్యాల్లాంటి పళ్లు. కానీ ప్రాణం పోసుకుని కళ్లు తెరవగానే అదంతా ఘోరంగా తోచింది. విక్టర్ గది విడిచి పారిపోయాడు. ఆ జీవి అప్పటికి ఏ తప్పూ చేయలేదు, కళ్లు తెరిచాడు, అంతే.

విక్టర్‌కు ఈ అలవాటు ముందునుంచీ ఉంది. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టినప్పుడు క్రెంపే అనే ఆచార్యుడు పొట్టిగా, బొంగురు గొంతుతో, చూడబుద్ధికాని ముఖంతో ఉన్నాడని ఆయన చెప్పే శాస్త్రం మీదే అతనికి మనసు విరిగింది. వాల్డ్‌మన్ అనే మరో ఆచార్యుడి ముఖంలో దయ కనబడింది, గొంతు తీయగా ఉంది. ఆయన వెంట నడిచాడు. ఆ నడకే అతన్ని శవాల గదికి చేర్చింది. మేరీ షెల్లీ ఈ రెండు ముఖాలను కథ తొలి భాగంలో ఊరికే పెట్టలేదు. ముఖం చూసి గురువును ఎంచుకున్నవాడే ముఖం చూసి బిడ్డను వదిలేశాడు.

ఆ జీవి ఒక కుటుంబం ఉంటున్న గుడిసె పక్కన నెలల తరబడి దాక్కున్నాడు. రాత్రిపూట వాళ్లకు కట్టెలు కొట్టి గుమ్మం ముందు పెట్టాడు. వాళ్ల మాటలు వింటూ భాష నేర్చాడు, మిల్టన్ కావ్యం చదివాడు. చివరికి ధైర్యం చేసి, ఇంట్లో ముసలాయన డి లేసీ ఒంటరిగా ఉన్న సమయం చూసి తలుపు తట్టాడు. ఆయనకు చూపు లేదు. లోపలికి రమ్మని, కూర్చోమని చెప్పి, మాట విని, ఈ మనిషిలో నిజాయితీ ఉందన్నాడు. నవల మొత్తంలో ఆ జీవికి దక్కిన మానవ సాంగత్యం ఆ కాసేపే. ఇంతలో కొడుకు ఫెలిక్స్ వచ్చాడు. అతనికి కళ్లున్నాయి. కర్ర తీసుకుని కొట్టాడు.

కిష్కింధలో హనుమంతుడు భిక్షువు వేషంలో వచ్చినప్పుడు రాముడు అతన్ని అంచనా వేసింది మాట తీరుతో. ఉచ్చారణ, పదాల పొందిక, ఎక్కడా తడబడని గొంతు విని ఇతను విద్యావంతుడని లక్ష్మణుడితో అన్నాడు. డి లేసీ చేసిందీ అదే. 1931లో యూనివర్సల్ సంస్థ సినిమా తీసినప్పుడు జాక్ పియర్స్ చేసిన మేకప్‌తో బోరిస్ కార్లాఫ్ బల్లపరుపు తల ప్రపంచమంతా తెలిసింది. కానీ ఆ సినిమాలో రాక్షసుడికి మాట లేదు, మూలుగులే. మాట తీసేసి ముఖం ఒక్కటే మిగిల్చాక మేరీ షెల్లీ వాదం మొత్తం పోయింది. ఇది ఆ సినిమా చేసిన పెద్ద అన్యాయం అని నేననుకుంటాను.

నల్లని పిల్లవాడు, పై అంతస్తులో భార్య

1847లో బ్రాంటే అక్కచెల్లెళ్లు తెచ్చిన నవలల్లో రెండు ఇక్కడ ముఖ్యం. ఎమిలీ రాసిన 'వదరింగ్ హైట్స్'లో లివర్‌పూల్ వీధుల్లో దొరికిన హీత్‌క్లిఫ్ ఒంటిరంగు ముదురు. పొరుగింటివాళ్లు చూసీచూడగానే వీడు లాస్కర్ పిల్లాడేమో అన్నారు. లాస్కర్లు అంటే ఇంగ్లిష్ ఓడల్లో పనిచేసిన మన దేశపు, ఆసియా తీరాల నావికులు. రంగు చూసి దొంగ అని ముద్ర వేశాక, ఆ పిల్లవాడు పెద్దయి క్రూరుడయ్యాడు. ముఖం గుణాన్ని చెప్పిందా, చూసినవాళ్ల చూపు గుణాన్ని తయారుచేసిందా? ఎమిలీ జవాబు ఇవ్వకుండా పుస్తకం ముగించింది.

షార్లెట్ 'జేన్ ఐర్'లో నాయికకు అందం లేదు, నాయకుడికీ లేదు. నేను అందగాడినా అని రోచెస్టర్ అడిగితే కాదని జేన్ మొహం మీదే చెప్పింది. అతను జుట్టు పైకెత్తి నుదురు చూపించి పుర్రె లెక్కల్లో తన తెలివిని చూసుకోమన్నాడు. అందగత్తెలకే ప్రేమ దక్కే కథల మధ్య ఇది పెద్ద ముందడుగు. అయితే అదే పుస్తకంలో పై అంతస్తు గదిలో బంధించి ఉంచిన రోచెస్టర్ భార్య బెర్తా మేసన్ ఉబ్బిన, నల్లబడిన ముఖంతో పిశాచంలా కనబడుతుంది. ఆమెకు నోరు లేదు, కథ లేదు. ఆమె కథను చెప్పడానికి జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ' (1966) రావలసి వచ్చింది. జేన్‌కు దక్కిన న్యాయం బెర్తాకు దక్కలేదని చెప్పక తప్పదు.

హైడ్, డోరియన్, డ్రాకులా

స్టీవెన్సన్ 1886 నాటి నవలలో హైడ్ అనే దుర్మార్గుణ్ణి చూపినప్పుడు ఒక చిత్రమైన పని చేశాడు. చూసిన ప్రతివాడికీ అతనిలో ఏదో వికారం తోస్తుంది, అదేమిటో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. వికారం హైడ్ ముఖంలో ఉందో, చూసేవాళ్ల గుండెలో ఉందో పాఠకుడే తేల్చుకోవాలి. ఆస్కార్ వైల్డ్ 'డోరియన్ గ్రే' 1890లో పత్రికలో, మరుసటి ఏడు పుస్తకంగా వచ్చింది. డోరియన్ చేసిన పాపం చిత్తరువు మీద పేరుకుంటుంది, అతని ముఖం మాత్రం ఇరవై ఏళ్ల కుర్రాడిలాగే ఉంటుంది. తన అక్క చావుకు కారణమైనవాణ్ణి చంపడానికి పద్దెనిమిదేళ్లు ఎదురుచూసిన నావికుడు జేమ్స్ వేన్ ఒక చీకటి వీధిలో డోరియన్‌ను పట్టుకుంటాడు. దీపం వెలుగులో నా ముఖం చూడు అంటాడు డోరియన్. నావికుడు చూశాడు, ఇంత చిన్నవాడు అప్పట్లో ఎలా ఉంటాడని వదిలేశాడు. అందమైన ముఖం ఎంతటి కాపలాయో చూపడానికి ఈ ఒక్క దృశ్యం చాలు.

బ్రాం స్టోకర్ 'డ్రాకులా' (1897)లో మాత్రం పాత నమ్మకం తిరిగి గట్టిపడింది. గద్దముక్కు, కలిసిపోయిన దట్టమైన కనుబొమలు, మొనదేరిన చెవులు అని కౌంట్ ముఖాన్ని వర్ణించిన తీరు, ఇటలీ వైద్యుడు చెజారే లోంబ్రోజో 1876లో రాసిన పుట్టునేరస్థుల లక్షణాలకు దగ్గరగా ఉంటుంది. నవలలో మీనా అనే పాత్ర లోంబ్రోజో పేరు పెట్టి మరీ చెబుతుంది.

ఇక్కడ మనకు ఒక తీగ దొరుకుతుంది. మన బేతాళ కథలను 'విక్రం అండ్ ద వాంపైర్' పేరుతో 1870లో ఇంగ్లిష్‌లోకి తెచ్చిన రిచర్డ్ బర్టన్‌ను స్టోకర్ స్వయంగా కలిశాడు. మాట్లాడేటప్పుడు బర్టన్ పైపెదవి లేచి కోరపన్ను మెరిసేదని తర్వాత జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఎదుట కూర్చున్న మనిషిని రచయిత సైతం పళ్లతోనే గుర్తుపెట్టుకున్నాడు.

లెక్కల పుస్తకం, చట్టం

లోంబ్రోజో ఆలోచనకు చుట్టాలు మన నేల మీదా తిరిగారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ దక్షిణాది కులాల తలలు, ముక్కులు కొలిచి, కె. రంగాచారితో కలిసి 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. ఒళ్లు కొలిచే ఈ పద్ధతిని పోలీసులకూ నేర్పాడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ముఖం చూడలేదు, పుట్టుక చూసింది. ఫలానా కులంలో పుడితే చాలు, ఠాణాలో హాజరు వేయించుకోవాలి. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో అది ఎరుకలవాళ్ల మీద పడింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా ఏర్పడిన ఊరే. నిజాం రాజ్యంలో లంబాడాల మీదా ఇదే ముద్ర పడింది. ఆ చరిత్రను భంగ్యా భుక్యా 'సబ్జుగేటెడ్ నోమాడ్స్' (2010)లో వివరంగా రాశారు. చట్టం 1952లో రద్దయింది. పిల్లలు నేరం చేయకముందే శిక్ష పడుతుందన్న లిఖ్టెన్‌బర్గ్ భయం మన తండాల్లో, గూడేల్లో దశాబ్దాలపాటు అక్షరాలా నిజమైంది.

బేతాళుడి చెట్టు

తెలుగులో గోథిక్ అన్న పేరుతో నవలా సంప్రదాయం లేదు. ఆ రుచి మనకు బేతాళ కథల్లో, బాలనాగమ్మ బుర్రకథలో, చందమామ సీరియళ్లలో దొరికింది.

పదకొండో శతాబ్దపు సోమదేవుడి కథాసరిత్సాగరంలో బేతాళ కథల మొదలు చూడండి. ఒక భిక్షువు రోజూ రాజుకు ఒక పండు ఇచ్చి వెళ్తాడు. రాజు దాన్ని భాండాగారం అధికారికి ఇచ్చేస్తాడు. ఒకరోజు కోతి ఆ పండు కొరికితే లోపలినుంచి రత్నం రాలింది. మామూలు పండులో రత్నం ఉన్నట్టే, పవిత్రమైన కాషాయంలో హత్య దాగి ఉంది. శ్మశానంలో చెట్టుకు వేలాడే శవాన్ని తెమ్మని రాజును పంపింది ఆ భిక్షువే, రాజును బలి ఇవ్వడానికే. ఆ సంగతి చెప్పి రాజును బతికించింది ఎవరు? శవంలో ఉన్న బేతాళుడు. భిక్షువు సాష్టాంగపడమంటే, ఎలాగో ముందు అతన్నే చేసి చూపించమను అని ఉపాయం చెప్పాడు. చూడగానే గుండె ఆగిపోయే రూపం హితవు చెప్పింది, చేతులెత్తి మొక్కాలనిపించే వేషం కత్తి నూరింది. లూయిస్ 'ది మంక్' రాయడానికి ఏడు వందల ఏళ్ల ముందటి మాట ఇది.

బాలనాగమ్మను ఎత్తుకుపోయిన మాయల మరాఠీ వచ్చింది భిక్ష అడిగే వేషంతోనే. సీత గుమ్మం ముందు రావణుడు నిలబడినట్టే. సి. పుల్లయ్య దర్శకత్వంలో జెమినీ సంస్థ 1942లో తీసిన 'బాలనాగమ్మ'లో గోవిందరాజుల సుబ్బారావు ఆ పాత్రతో ఆంధ్రదేశాన్ని భయపెట్టారు. వేషం మార్చినవాడిని నమ్మొద్దన్నది ఆ కథ పల్లె ఆడపిల్లలకు నేర్పిన పాఠం.

1947 జూలైలో మొదలైన చందమామ బేతాళ కథలను కొత్త కథలతో దశాబ్దాలపాటు సాగించింది. శంకర్ గీసిన విక్రమార్కుడి భుజం మీది శవం మూడు తరాల పిల్లల కళ్లలో నిలిచింది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, కంచుకోట, శిథిలాలయం, రాకాసి లోయ మన పిల్లల గోథిక్ సాహిత్యమే. చిత్ర అనే చిత్రకారుడి బొమ్మల్లో గడ్డాల మాంత్రికుల ముఖాలు చూసీచూడగానే వీడు చెడ్డవాడని తెలిసిపోయేవి. అది ఆ సీరియళ్ల బలం, బలహీనత కూడా.

ఎస్.వి. రంగారావు ఒక్కరే ఈ రెండు దారులూ నడిచారు. 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడిగా ముఖంతోనే భయం పుట్టించారు. 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడై, రాక్షసుడంటే పిల్లలు చంకెక్కాలనుకునేంత ముద్దొచ్చారు. ఆ సినిమాలోనే సావిత్రి శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి నటించింది. సుకుమారి ముఖం, మగ నడక, మీసం దువ్వబోయే చెయ్యి. డోరియన్ కథలో అందమైన ముఖం వెనక పాపం దాగితే, ఇక్కడ అందమైన ముఖం వెనక మేలు చేసే రాక్షసుడు దాగాడు.

వరంగల్ నేల మీద

పాత వరంగల్ జిల్లాలోని చేర్యాల నకాశీ పటాలు మూడడుగుల వెడల్పుతో గజాల పొడవు సాగుతాయి. ఎర్రని నేల మీద దేవతలకు నీలం, పసుపు, రాక్షసులకు ముదురు రంగులు. ఎవరు ఎవరో దూరంనుంచి చూసేవాడికి తెలియాలి కాబట్టి రంగు గుర్తు పెట్టారు. పటం విప్పి కథ చెప్పేవాడు వేలు పెట్టి చూపిస్తూ పోతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు, మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్లు చెప్పేది ఇలాగే. ఇక్కడ రంగు అనేది పాత్రకు గుర్తు మాత్రమే, బతికున్న మనిషికి తీర్పు కాదు.

చిందు యక్షగానంలో ఈ విషయం ఇంకా స్పష్టం. జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చిన కళ ఇది. ముఖానికి అర్దళం పూసుకుని, కిరీటం, భుజకీర్తులు కట్టుకున్నాక ఆ మనిషే దేవుడు. ఎల్లమ్మ వేషం కట్టినప్పుడు ఊరు ఊరంతా దండం పెడుతుంది. తెల్లారి రంగు కడిగేశాక అదే కళాకారుణ్ణి అదే ఊరు కులం చూసి దూరంగా నిలబెట్టిన రోజులున్నాయి. రాత్రి పెట్టిన దండం పగటికి ఎందుకు నిలవలేదన్న ప్రశ్నను ఆ ఊళ్లే తమకు తాము వేసుకోవాలి.

భద్రకాళి గుడిలో అమ్మవారిది ఒకప్పుడు ఉగ్రరూపం. 1950లో గుడిని బాగుచేసినప్పుడు నాలుక మీద అమృత బీజాక్షరాలు రాసి ఆ చూపును శాంతంగా మార్చారని ఆలయ చరిత్ర చెబుతుంది. ఉగ్రంగా ఉన్న రోజుల్లోనూ ఆమె తల్లే, శాంతించాకా తల్లే. భక్తులు రూపం మారినందుకు దేవతను మార్చలేదు. కట్టుబడిలో ఉన్న ఇళ్లకు కోరలు, నాలుక బయటపెట్టిన రాక్షసముఖం దిష్టిబొమ్మగా కడతాం. మనకు వికారం కాపలాదారు కూడా. లావాటర్ పుస్తకంలో ఇలాంటి ముఖానికి చోటు లేదు.

కథ బయటి మనుషులు

ఇంత తెలిసిన సంప్రదాయం ఉండి కూడా మనం తప్పులు చేశాం. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అనుమానంతో మనుషులను కొట్టారు, మంత్రం పలకకుండా పళ్లు రాలగొట్టారు, చంపారు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకినప్పుడు, తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల భిక్షం అడిగేవాళ్ల మీద, మతిస్థిమితం లేనివాళ్ల మీద, భాష రానివాళ్ల మీద జనం విరుచుకుపడ్డారు. ఆ నెల 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. వేషాన్ని శంకించమన్న మన కథల్లో సగం మాటే గుర్తుంది. చెట్టుకు వేలాడే భయంకర రూపం చెప్పే మాట వినమన్న రెండో సగం మరిచిపోయాం.

ఏ ఊళ్లోనైనా, కొత్త మనిషి రూపం చూసి అనుమానం వస్తే డి లేసీ చేసినట్టు ముందు కూర్చోబెట్టండి, పేరు, ఊరు అడగండి, చెప్పేది వినండి. అనుమానం తీరకపోతే పోలీసులకు ఫోన్ చేయండి. చెయ్యి మాత్రం ఎత్తకండి.